డెల్టాలో విశ్వశాస్త్రం లెక్కల శాఖకు ఎలా చేరింది?

గోదావరి డెల్టాలో విశ్వం పుట్టుక మీద, విస్తరణ మీద పరిశోధన చేసిన ఆచార్యులు కావాలంటే భౌతికశాస్త్ర శాఖలో వెతికి లాభం లేదు. లెక్కల శాఖకు వెళ్లాలి. కాకినాడ నుంచి నర్సాపురం దాకా డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో పొద్దున అవకలన సమీకరణాలు, లాప్లాస్ పరివర్తనాలు చెప్పి, తీరిక దొరికినప్పుడు ఐన్‌స్టీన్ క్షేత్ర సమీకరణాలతో కుస్తీ పట్టే అధ్యాపకులు ఉన్నారు. వాళ్ల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల పేర్లలో బియాంకీ నమూనాలు, బ్రాన్స్-డికీ సిద్ధాంతం, కృష్ణశక్తి (విస్తరణకు వేగం పెంచుతోందని భావించే డార్క్ ఎనర్జీ) వంటి మాటలు కనిపిస్తాయి. టెలిస్కోపు ముఖం చూడకుండానే కాస్మాలజీలో ప్రొఫెసర్ అయ్యే ఈ దారి బయటివారికి వింతగా తోస్తుంది. అది వింతేమీ కాదు, దానికో చరిత్ర ఉంది. దానికి కొన్ని బలాలున్నాయి, చెప్పుకోక తప్పని లోపం కూడా ఒకటుంది.

దారి మొదలయ్యేది విశాఖలో. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినది మొదలు, 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఉభయ గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీలకు పెద్ద దిక్కు వాల్తేరే. 1853 నాటి రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ కానీ, భీమవరం డి.ఎన్.ఆర్., నర్సాపురం వై.ఎన్., అమలాపురం ఎస్.కె.బి.ఆర్. కాలేజీలు కానీ, అక్కడ బీఎస్సీ ఎంపీసీ చదివి లెక్కల మీద మక్కువ పెంచుకున్న విద్యార్థి ఎమ్మెస్సీకి రైలెక్కితే చాలావరకు దిగేది వాల్తేరులోనే. అక్కడి అనువర్తిత గణిత శాఖలో సాధారణ సాపేక్ష సిద్ధాంతం పరిశోధనాంశంగా వేళ్లూనుకుంది. అక్కడ చదివినవారు ఊళ్లకు తిరిగి వచ్చి లెక్చరర్లయ్యారు. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ పూర్తి చేసినవారూ ఉన్నారు. అంశం గురువు నుంచి శిష్యుడికి, శిష్యుడి నుంచి అతని శిష్యుడికి చేరింది. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధనాంశాలు చాలావరకు ఇలాగే పాకుతాయి. ఫలానా సమస్య తేల్చాలన్న పట్టుదలకన్నా ఫలానా గైడు దొరికాడన్న సంగతే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

మరి భౌతికశాస్త్రం వాళ్లు దీన్ని ఎందుకు పట్టుకోలేదు? వాళ్ల చేతిలో వేరే పనులున్నాయి. సూరి భగవంతం, కొచ్చర్లకోట రంగధామరావుల కాలం నుంచి వాల్తేరు భౌతికశాస్త్రం పేరు మోసింది వర్ణపటశాస్త్రంలో (స్పెక్ట్రోస్కోపీలో). తర్వాత బి. రామచంద్రరావు హయాంలో అయనావరణ (వాతావరణం పైపొర అయిన అయనోస్ఫియర్) పరిశోధన పెరిగింది. అణుభౌతిక శాస్త్రాన్ని అక్కడ నిలబెట్టినాయన అచ్చంగా డెల్టా మనిషి. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు, జర్మనీలో యోగ వేదాంతాల మీద ఉపన్యాసాలు, ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల పరిశోధన, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పీహెచ్‌డీ అన్నీ అయ్యాక 1950లలో వాల్తేరులో అణుభౌతిక శాఖను కట్టారు. ఆయన జీవితం విడిగా పెద్ద వ్యాసానికే సరిపోతుంది. ఇక్కడ మనకు కావలసినది ఇంతే: కాషాయం కట్టినాయన కూడా అణువు వైపే వెళ్లారు, విశ్వం లెక్కల వాళ్లకు మిగిలింది.

దేశంలో ఇది కొత్తేమీ కాదు. సాపేక్ష సిద్ధాంతం భారతదేశంలో చాలాచోట్ల గణిత శాఖల్లోనే పెరిగింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో గణిత శాఖ ఆచార్యుడు విష్ణు వాసుదేవ నార్లీకర్ దగ్గర పనిచేసిన పి.సి. వైద్య, 1943లో వెలుగు వెదజల్లే నక్షత్రం చుట్టూ గురుత్వ క్షేత్రం ఎలా ఉంటుందో చెప్పే పరిష్కారం కనుక్కున్నారు. దశాబ్దాల తర్వాత కృష్ణబిలాలు ఆవిరైపోవడం గురించి ఆలోచించినవారు ఆ పరిష్కారాన్నే బయటికి తీశారు. కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన సమీకరణం పెన్రోజ్, హాకింగ్‌ల సింగులారిటీ (సమీకరణాలు పనిచేయడం మానేసే చోటు) సిద్ధాంతాలకు పునాది అయింది. వీళ్లలో ఎవరికీ పెద్ద ప్రయోగశాల లేదు. కాగితం, కలం, గ్రంథాలయానికి వచ్చే నాలుగు పత్రికలు ఉంటే ప్రపంచ స్థాయి పని సాధ్యమేనని వాళ్లు నిరూపించారు. డెల్టా అధ్యాపకుడి ముందున్న నమూనా ఇదే.

ఆకాశాన్ని చూసే పనికి ఈ నేల అసలు అనువైనది కాదు. సముద్రమట్టానికి చేరువలో ఉన్న ఊళ్లు, ఏడాది పొడవునా గాలిలో తేమ, జూన్ నుంచి నైరుతి వానలు, అవి తగ్గగానే తుపానుల కాలం, పైగా ఇప్పుడు రాత్రంతా దీపాలు వెలిగే రొయ్యల చెరువులు. దేశంలో పెద్ద టెలిస్కోపులు పెట్టింది జవ్వాది కొండల్లోని కావలూరులో, నైనిటాల్ దగ్గరి దేవస్థల్‌లో, లడఖ్‌లో దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లేలో. తెలుగు నేలమీద పరికరాలు లేవని కాదు. విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత వేధశాల కట్టారు. హైదరాబాదులో నిజామియా వేధశాల, దాని తర్వాత రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు వచ్చాయి. పక్కనున్న గుంటూరుకు 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ వచ్చారు. ఆ గ్రహణంలో సౌర జ్వాలల వర్ణపటంలో కనబడిన పసుపు గీతే తర్వాత హీలియం అని తేలింది. గ్రహణం ముగిసింది, వచ్చినవారు పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. కృష్ణా డెల్టాలో కానీ గోదావరి డెల్టాలో కానీ ఒక్క దుర్భిణి కూడా పాతుకోలేదు.

ఇక అసలు పని దగ్గరకు వద్దాం. పాఠ్యపుస్తకాల్లోని విశ్వం ఏ చోట చూసినా ఒకేలా, ఏ దిక్కు చూసినా ఒకేలా ఉంటుంది. ఫ్రీడ్‌మన్, లమేత్ర్, రాబర్ట్‌సన్, వాకర్ల పేర్లతో నడిచే ఈ నమూనాలో విశ్వం సైజును చెప్పడానికి ఒకే ఒక ప్రమాణం చాలు. అన్ని దిక్కులా అదే పెరుగుతుంది. ఇందులో ‘ఏ దిక్కు చూసినా ఒకేలా’ అన్న షరతును సడలిస్తే ఏమవుతుంది? చోటు మారినా తేడా ఉండదు, దిక్కు మారితే మాత్రం విస్తరణ వేగం మారుతుంది. అలాంటి జ్యామితులు ఎన్ని రకాలు ఉండగలవో ఇటలీ గణిత శాస్త్రవేత్త లుయీజీ బియాంకీ 1898లో తొమ్మిదిగా వర్గీకరించాడు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం రావడానికి అప్పటికింకా 17 ఏళ్లుంది. ఆ తొమ్మిదింటిలో ఏదో ఒకటి తీసుకుని, ఐన్‌స్టీన్ సమీకరణాల్లోనో లేదా దానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన గురుత్వ సిద్ధాంతాలైన 1961 నాటి బ్రాన్స్-డికీ, 1986 నాటి సాయెజ్-బలెస్టర్‌లలోనో వేసి, ఖచ్చితమైన పరిష్కారం రాబట్టడం ఈ మార్గంలో పరిశోధకుడు చేసే పని.

ఒక మామూలు పరిశోధన పత్రం ఎలా నడుస్తుందో చూద్దాం. బియాంకీ మొదటి రకంలో సులభమైన రూపం తీసుకుందాం. విశ్వం ఒక అక్షం వెంట ‘ఏ’ అనే ప్రమాణంతో, మిగతా రెండు అక్షాల వెంట ‘బి’ అనే ప్రమాణంతో పెరుగుతుంది. లోపల ఉన్న ద్రవ్యానికి ఒక సాంద్రత, మొదటి అక్షం వెంట ఒక పీడనం, మిగతా రెండింటి వెంట మరో పీడనం. తెలియని రాశులు మొత్తం అయిదు. ఐన్‌స్టీన్ సమీకరణాలు రాస్తే చేతికి వచ్చేవి మూడే. అయిదు తెలియనివాటికి మూడు సమీకరణాలుంటే పరిష్కారం ఒకటి కాదు, అనంతం. కాబట్టి మరో రెండు షరతులు తెచ్చిపెట్టుకోవాలి.

ఈ రెండు షరతులు ఎక్కడి నుంచి వస్తాయన్నదే కీలకం. మొదటిది దాదాపు ఆచారం అయిపోయింది: విరూపణ, అంటే దిక్కుల మధ్య విస్తరణ తేడా, మొత్తం విస్తరణకు అనులోమానుపాతంలో ఉంటుందని అనుకోవడం. గణితంలో దీని అర్థం, ‘ఏ’ అనేది ‘బి’కి ఎన్‌వ ఘాతం. రెండోది, విస్తరణ ఎంత మందగిస్తోందో లేదా వేగం పుంజుకుంటోందో చెప్పే మందన పరామితి కాలంతో మారదని అనుకోవడం. ఇవి రెండూ పెట్టగానే లెక్క గబగబా తేలిపోతుంది. సాంద్రత, పీడనాలు, విరూపణ అన్నిటికీ కాలంలో సూత్రాలు వస్తాయి. నాలుగు గ్రాఫులు గీస్తారు. చివర్లో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది: విరూపణకు, విస్తరణకు ఉన్న నిష్పత్తి సున్నాకు చేరడం లేదు కనుక ఈ విశ్వం ఎప్పటికీ దిశాభేదంతోనే ఉంటుంది.

ఇక్కడ ఆగి చూడాలి. ఆ నిష్పత్తి మారదని మొదటి షరతులోనే అనుకున్నాం కదా! ‘ఎన్’ విలువ 2 అనుకుంటే ఆ నిష్పత్తి సుమారు 0.144. అది విశ్వం తొలి క్షణంలోనూ అంతే, ఇవాళా అంతే, వెయ్యి కోట్ల ఏళ్ల తర్వాతా అంతే. సమీకరణాలు చెప్పిన కొత్త సంగతి ఇందులో ఏమీ లేదు. పుస్తకం వెనక జవాబు చూసి లెక్క చేసి, జవాబు సరిపోయిందని సంతోషించడం లాంటిదే. రెండో షరతు కూడా అంతే. మందన పరామితి స్థిరమైతే విశ్వం మొదటి నుంచీ మందగిస్తూ ఉండాలి, లేదా మొదటి నుంచీ వేగం పుంజుకుంటూ ఉండాలి. 1998లో రెండు బృందాలు సూపర్‌నోవాలను (పేలిపోయే నక్షత్రాలను) కొలిచి కనిపెట్టిందేమిటంటే, ఇప్పుడు విస్తరణ వేగం పెరుగుతోంది. తర్వాతి కొలతలు అంతకు ముందు అది మందగించేదని తేల్చాయి. ఈ మలుపు లేని నమూనా ఏ విశ్వానిదో కానీ మనం ఉన్న విశ్వానిది కాదు.

మరో చిన్న లెక్క వేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. విశ్వం వయసు 3,80,000 ఏళ్లప్పుడు బయలుదేరిన వెలుగు ఇవాళ మైక్రోవేవ్ నేపథ్య వికిరణంగా అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. అప్పుడు దాని ఉష్ణోగ్రత సుమారు 3,000 కెల్విన్లు, ఇప్పుడు 2.725. మధ్యలో విశ్వం సగటున 1,100 రెట్లు సాగింది. ‘ఎన్’ 2 ఉన్న నమూనాలో ఘనపరిమాణం అంతే పెరగాలంటే ఒక అక్షం వెంట 36,000 రెట్లకు పైగా, మిగతా రెండింటి వెంట సుమారు 190 రెట్లు సాగాలి. అంటే ఆకాశంలో ఒక దిక్కు చూస్తే దాదాపు 16 కెల్విన్లు, మరో దిక్కు చూస్తే 0.1 కన్నా తక్కువ కనబడాలి. కోబీ ఉపగ్రహం 1992లో చూపించిన తేడా లక్షలో ఒక వంతు స్థాయిలో ఉంది. ఈ లెక్కకు కంప్యూటర్ అక్కర్లేదు, డిగ్రీ విద్యార్థి కూడా వేయగలడు. ఇంత సులువైన పరీక్ష చాలా పత్రాల్లో కనబడదు. నమూనా తప్పయినందుకు ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. పోల్చి చూడకుండా వదిలేయడాన్ని మాత్రం సమర్థించలేం.

‘ఎన్’ను 1కి బాగా దగ్గరగా తీసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోతుంది, కానీ ఎంత దగ్గరగా? ప్లాంక్ ఉపగ్రహం కొలతలను అన్ని రకాల దిశాభేదాలతో పోల్చి 2016లో వచ్చిన విశ్లేషణ, విశ్వం దిక్కుకో తీరుగా విస్తరిస్తోందనడానికి వ్యతిరేకంగా సాక్ష్యం 1,21,000కు 1 నిష్పత్తిలో ఉందని తేల్చింది. అంతకు చాలా ముందు, 1983లో, రాబర్ట్ వాల్డ్ మరో సంగతి నిరూపించాడు. విశ్వ స్థిరాంకం (ఖాళీ చోటుకే ఉండే శక్తిని సూచించే ఐన్‌స్టీన్ పదం) ధనాత్మకంగా ఉంటే, తొమ్మిదో రకం తప్ప మిగతా బియాంకీ విశ్వాలన్నీ విస్తరిస్తూ ఘాతీయ వేగంతో దిశాభేదాన్ని పోగొట్టుకుంటాయి. కాబట్టి ‘మా నమూనా చివరకు సమదిశకు చేరుతోంది’ అని కనుగొన్నట్టు రాసే పత్రాల్లోనూ చాలాసార్లు పాత ఫలితమే కొత్త పేరుతో వస్తోంది.

అలాగని దిశాభేదం పనికిరాని విషయమని కొట్టిపారేయడం కూడా తప్పే. సాధారణ ద్రవ్యంతో నిండిన బియాంకీ మొదటి రకం విశ్వంలో విరూపణ వర్గం విశ్వం సైజుకు ఆరో ఘాతంలో తగ్గుతుంది. అంటే ఇవాళ కనబడనంత చిన్నదైనా వెనక్కి వెళ్లేకొద్దీ అది మిగతా అన్నిటినీ మించి పెరుగుతుంది. తొలి నిమిషాల్లో అది ఎక్కువగా ఉండి ఉంటే విస్తరణ ఇంకా వేగంగా సాగేది, న్యూట్రాన్లు ఎక్కువ మిగిలేవి, హీలియం ఎక్కువ తయారయ్యేది. విశ్వంలోని సాధారణ పదార్థం ద్రవ్యరాశిలో హీలియం పాలు నాలుగో వంతు దగ్గరే ఉంది కనుక అప్పటి విరూపణకు ఒక హద్దు దొరుకుతుంది. ఈ ఆలోచనను 1966లోనే హాకింగ్, టేలర్ ముందుకు తెచ్చారు. ఇంకా వెనక్కి, ఆది క్షణాల సమీపంలో విశ్వం ఎలా మెలికలు తిరిగిందో చెప్పడానికి ఎడ్వర్డ్ కాస్నర్ 1921లో రాసిన దిశాభేద పరిష్కారమే ఆధారమైంది. కాస్నర్ కూడా గణితం మనిషే. ఆయన కాలంలో ఆ పరిష్కారానికి ఏ ఉపయోగమూ లేదు. ఖచ్చితమైన పరిష్కారాల విలువ వెంటనే తేలదన్న వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అయితే కాస్నర్ పెట్టుకున్న షరతులు తక్కువ, అతని పరిష్కారం నిజంగా సమీకరణాల నుంచి వచ్చింది. ఆ తేడాను మరిచిపోతే ఈ వాదన ఎవరికైనా గొడుగైపోతుంది.

ఇలాంటి పత్రాలు ఏటేటా ఎందుకు వస్తూనే ఉంటాయన్నదానికి జవాబు ఆకాశంలో లేదు, ఉద్యోగ నిబంధనల్లో ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ నిర్దేశించిన బోధన వారానికి 16 గంటలు. దానికి తోడు పరీక్షలు, జవాబు పత్రాలు, కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ ఫైళ్లు, అడ్మిషన్ల పని. 2010 నిబంధనలతో పదోన్నతికి పాయింట్ల లెక్క వచ్చింది, పత్రాల సంఖ్యకు విలువ పెరిగింది. ఇంజనీరింగ్ కాలేజీ లెక్కల అధ్యాపకుడికి పీహెచ్‌డీ ఉంటే ఉద్యోగానికి భద్రత, లేకపోతే ప్రతి జూన్‌లో బెంగ. ఇలాంటి స్థితిలో తెలిసిన జ్యామితికి తెలిసిన సిద్ధాంతాన్ని జత చేసి, తెలిసిన రెండు షరతులు పెట్టి, నిర్ణీత కాలంలో ముగించగలిగే సమస్యను ఎంచుకోవడం తెలివితక్కువ పనేమీ కాదు. తొమ్మిది జ్యామితులు, అరడజను గురుత్వ సిద్ధాంతాలు, పది రకాల ద్రవ్యాలు: వీటి కలయికలే వందల్లో ఉంటాయి. 2011లో మరో సవరించిన గురుత్వ సిద్ధాంతం రాగానే ఆ పట్టికకు ఇంకో వరుస చేరింది. వ్యవస్థ అడిగింది సంఖ్య, అధ్యాపకులు ఇచ్చింది సంఖ్య.

ఈ ఇరుకులోనుంచి బయటపడే దారి ఒకటి పుణేలో ఉంది. అక్కడి అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ, ఖగోళ భౌతికశాస్త్ర కేంద్రాన్ని, వాడుకలో ఐయూకాను, 1988లో జయంత్ నార్లీకర్ వ్యవస్థాపక డైరెక్టర్‌గా నిలబెట్టారు. కాశీలోని గణిత ఆచార్యుడి కొడుకు ఆయనే. దేశంలోని విశ్వవిద్యాలయాల, కాలేజీల అధ్యాపకులు తమ ఉద్యోగాల్లో ఉంటూనే వచ్చి పనిచేసుకోవడానికి వీలుగా దాన్ని మలిచారు. మూడేళ్ల అసోసియేట్‌గా ఎంపికైతే ప్రయాణం, బస, గ్రంథాలయం, కంప్యూటర్లు, మాట్లాడడానికి మనుషులు దొరుకుతారు. డెల్టా కాలేజీలో ఒంటరిగా పనిచేసే మనిషికి ఇందులో అన్నిటికన్నా విలువైనది చివరిదే. సెమినారులో ఎవరో లేచి ‘మీ నమూనాలో నేపథ్య వికిరణం ఎలా కనబడుతుంది?’ అని ఒక్క ప్రశ్న అడిగితే, పది పత్రాలు నేర్పనిది నేర్పుతుంది.

నార్లీకర్ పరిశోధన జీవితం కూడా ఈ సందర్భంలో చూడదగ్గదే. ఫ్రెడ్ హాయిల్ శిష్యుడిగా స్థిరస్థితి విశ్వాన్ని, అంటే మొదలంటూ లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉండే విశ్వాన్ని, సమర్థించారు. 1965లో నేపథ్య వికిరణం బయటపడ్డాక ఆ సిద్ధాంతం నుంచి చాలామంది తప్పుకున్నారు. 1993లో హాయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి దాన్ని సవరించి మళ్లీ ముందుకు తెచ్చారు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. 2025 మే 20న మరణించేదాకా మహావిస్ఫోటాన్ని ఆయన ప్రశ్నిస్తూనే ఉన్నారు. ఓడిపోయిన పక్షమే కావచ్చు, కానీ నేపథ్య వికిరణం ఎక్కడిది, హీలియం ఎక్కడిది, సూపర్‌నోవాలు మసకగా ఎందుకున్నాయి అన్న ప్రశ్నలకు తన సిద్ధాంతం నుంచి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉందని ఆయన ఏనాడూ మరవలేదు. డెల్టా పత్రాల్లో చాలావాటికి లేనిది ఆ బాధ్యతే. అవి తప్పని ఎవరూ తేల్చలేదు, ఎందుకంటే తప్పని తేలడానికి వీలైన మాట అవి చెప్పలేదు.

గత కొన్నేళ్లుగా పరిస్థితి మారుతున్న జాడలున్నాయి. ఇటీవలి పత్రాల్లో సూపర్‌నోవాల పట్టికలతో, వివిధ కాలాల్లో హబుల్ విస్తరణ రేటు కొలతలతో నమూనాలను పోల్చి, పరామితుల విలువలు రాబట్టే ప్రయత్నం కనబడుతోంది. దీనికి కారణం సులువుగానే చెప్పవచ్చు. దత్తాంశం ఉచితమైంది. పాంథియాన్ ప్లస్ పేరుతో ఉన్న 1,550 సూపర్‌నోవాల పట్టికను భీమవరంలో కూర్చున్నవారైనా కేంబ్రిడ్జిలో కూర్చున్నవారైనా ఒకే చోట నుంచి దింపుకుంటారు. అరిజోనాలో గెలాక్సీల దూరాలు కొలుస్తున్న డెసీ సర్వే 2025 మార్చిలో తన మొదటి విడత దత్తాంశాన్ని అందరికీ తెరిచింది. విశ్లేషణకు కావలసిన పైథాన్ ప్రోగ్రాములు కూడా ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. డెల్టాలో టెలిస్కోపు లేదన్న మాటకు నలభై ఏళ్ల కిందట ఉన్న బరువు ఇప్పుడు లేదు.

పైగా సమయం కూడా అనుకూలంగా ఉంది. కృష్ణశక్తి సాంద్రత కాలంతో మారుతోందేమో అన్న అనుమానాన్ని డెసీ కొలతలు 2024, 2025లలో లేవనెత్తాయి. ఇంకా రుజువు కాలేదు, అనుమానం మాత్రం బలంగానే ఉంది. నేపథ్య వికిరణం నుంచి రాబట్టిన హబుల్ స్థిరాంకం (ఇప్పటి విస్తరణ రేటు; మెగాపార్సెక్‌కు సెకనుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క) 67 దగ్గర, సమీప గెలాక్సీల నుంచి కొలిచినది 73 దగ్గర నిలిచి, రెండూ రాజీపడడం లేదు. సమీప విశ్వంలో సూపర్‌నోవాలను ఆకాశంలోని దిక్కుల వారీగా విడదీసి చూస్తే విస్తరణ వేగంలో తేడా ఉందా లేదా అన్నది బియాంకీ జ్యామితులు కొట్టినపిండి అయినవారు నేరుగా అడగదగ్గ ప్రశ్న. అందుకు రెండు పాత షరతులు వదులుకోవాలి. ‘ఏ’, ‘బి’ల సంబంధాన్ని ముందే బిగించకుండా, ద్రవ్యానికి భౌతికంగా అర్థమున్న స్థితి సమీకరణం (సాంద్రతకు, పీడనానికి ఉన్న సంబంధం) ఇచ్చి, సమీకరణాలను కంప్యూటర్ చేత పరిష్కరింపజేసి, వచ్చిన దూరాలను పట్టికలోని దూరాలతో పోల్చాలి. అందమైన సూత్రం చేతికి రాదు, విరూపణ ఇంతకన్నా ఎక్కువ ఉండకూడదన్న ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను మరొకరు మళ్లీ లెక్కవేసి ఒప్పో తప్పో చెప్పగలరు.